శ్రీసిటీలో తొలి మీటింగ్, అదే వారం ఢిల్లీ బయ్యర్‌కి దర్శనం టికెట్లు: ఎట్లా నెట్టుకురావాలి?

రేణిగుంట_పెట్టెలు | సోమవారం, సాయంత్రం 6:12

అందరికీ నమస్కారం. మాది రేణిగుంట రోడ్డులో చిన్న అట్టపెట్టెల యూనిట్. నేను, మా ఆయన చూసుకుంటాం. ఇన్నాళ్లూ చిత్తూరు పక్క మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు కార్టన్లు వేస్తున్నాం. 3.1 కిలోల డబ్బాలు ఆరు పట్టే పెట్టె. సీజన్‌లో తినడానికి తీరిక ఉండదు, సీజన్ అయిపోతే మిషన్ మీద పట్టా కప్పి కూర్చోవడమే. ఏడాది పొడవునా ఆర్డర్లిచ్చే పార్టీ కోసం తిరగ్గా తిరగ్గా ఒకే వారంలో రెండు తగిలాయి.

ఒకటి శ్రీసిటీ పారిశ్రామికవాడలో జపాన్ కంపెనీ. స్పేర్ పార్టుల ప్యాకింగ్‌కి 5 ప్లై (ఐదు పొరల) పెట్టెలు కావాలట. వచ్చే గురువారం 10:30కి రమ్మన్నారు, వాళ్ల జపాన్ మేనేజర్ కూడా కూర్చుంటారట.

రెండోది ఢిల్లీ ఆయన, పచ్చళ్లు ఎగుమతి చేస్తాడు. "ఫ్యామిలీతో దర్శనానికి వస్తున్నాం, పన్లో పని మీ ఫ్యాక్టరీ చూస్తాం" అన్నాడు. ఆ వెంటనే "ఆరుగురికి బ్రేక్ దర్శనం చూడండి" అన్నాడు. తిరుపతిలో కాపురముంటే చాలు, వెంకన్న స్వామి మన మేనమామ అనుకుంటారు బయటివాళ్లు. మా ఆయన మొహమాటానికి "చూద్దాం లెండి సార్" అనేశాడు.

ఇట్లాంటి పెద్ద పార్టీలను మేం ముఖాముఖి కలవడం కొత్త. యూట్యూబ్‌లో చూస్తే కోటు వేసుకో, గట్టిగా షేక్‌హ్యాండ్ ఇవ్వు అంటున్నారు. రేణిగుంట ఎండలో కోటా? అసలు ఏం చేయాలో, ఏం చేయకూడదో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. టెన్షన్‌గా ఉంది.

పాత_తిరుపతోడు | సోమవారం, రాత్రి 7:40

అమ్మా, శ్రీసిటీ సంగతి తెలిసినవాళ్లు చెప్తారు. నేను దర్శనం సంగతి చెప్తా. మన ఊళ్లో వ్యాపార సంబంధాలు చెడేది ఎక్కువగా అక్కడే.

ముందు ఈ రాత్రికే ఆ ఢిల్లీ ఆయనకి ఫోన్ చేయించు. "చూద్దాం" అన్నమాటను ఆయన "అయిపోయింది" అని విని ఉంటాడు. విమానం టికెట్లు కొనేస్తాడు, అత్తామామల్ని కూడా వెంటేసుకొస్తాడు. వచ్చాక కుదర్లేదంటే మీ పెట్టె ఎంత గట్టిదైనా ఆయన కంటికి ఆనదు. ఇప్పుడే కాదంటే మాత్రం ఒక నిమిషం చిన్నబుచ్చుకుంటాడు, అంతే.

ఊరికే "కుదరదు సార్" అని పెట్టేయొద్దు. బ్రేక్ దర్శనం ప్రజాప్రతినిధుల సిఫారసు లెటర్ల మీద నడిచే వ్యవహారమనీ, ఆ లెటర్లు మన చేతిలో ఉండవనీ చెప్పండి. తర్వాత ఆయన సొంతంగా చేసుకోగలిగిన దారులు మెసేజ్‌లో రాసి పంపండి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు టీటీడీ వెబ్‌సైట్‌లో దాదాపు మూడు నెలల ముందే వదులుతారు, వదిలిన కాసేపటికే అయిపోతాయి, కాబట్టి ఈసారికి అనుమానమే. టీటీడీ వాళ్ల శ్రీవాణి ట్రస్టుకి మనిషికి 10,000 రూపాయల విరాళం, పైన 500 టికెట్ అయితే ఆరుగురికి 63,000 అవుతుంది. ఎగుమతులు చేసే మనిషి కదా, ఆయనకదే సుఖమేమో ఆయనే తేల్చుకుంటాడు. అదీ కాదంటే ఉచిత సర్వదర్శనం టోకెన్లు: బస్టాండ్ ఎదురుగా శ్రీనివాసం, రైల్వేస్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్స్. ఆధార్ పట్టుకుని ఎవరికి వారు లైన్లో నిలబడాలి, మీరు వెళ్లి తెచ్చిపెట్టేది కాదు.

"నాకు తెలిసిన మనిషున్నాడు, తలకి ఇంత" అనే బ్రోకర్ల జోలికి మాత్రం పోవద్దు. టికెట్ మీద పేరు, గుర్తింపు కార్డు వివరాలు ఉంటాయి. వైకుంఠం క్యూ కాంప్లెక్స్ దగ్గర తేడా వచ్చి ఆపేస్తే పెళ్లాం పిల్లల ముందు ఆయన పరువు పోతుంది, పోగొట్టింది మీరవుతారు.

ఇంకోటి, దర్శనం రోజున ఫ్యాక్టరీ పెట్టుకోకండి. కొండమీద టైం మన చేతిలో ఉండదు. మర్నాడు పదిన్నర, పదకొండు పెట్టండి, నిద్రపోయి ఫ్రెష్‌గా వస్తారు. గుండుతో వస్తే దాని గురించి ఎత్తకండి. కోట్ల వ్యాపారం చేసేవాళ్లు గుండుతో, నుదుట గంధంతో మన ఆఫీసుల్లో కూర్చుని సంతకాలు పెట్టి పోతుంటారు, ఇక్కడ అది మామూలే. కొత్తగా చేరిన కుర్రాళ్లెవరైనా ఉంటే నవ్వొద్దని ముందే చెప్పిపెట్టండి.

రేటే_రాజు | సోమవారం, రాత్రి 8:05

ఇంత రామాయణం ఎందుకు? కిలోకి రెండు రూపాయలు తక్కువ కోట్ చేయండి, లుంగీతో పోయినా ఆర్డరిస్తారు.

తోతాపురి | సోమవారం, రాత్రి 8:31

రాజన్నా, రెండు రూపాయలు తగ్గిస్తే పేపర్ జీఎస్‌ఎం (చదరపు మీటరుకి బరువు) కూడా తగ్గుతుంది. వానాకాలం గోడౌన్లో ఆ పెట్టెలు పది వరసలు పేరిస్తే అడుగుది చితికి కూర్చుంటుంది. అప్పుడు ఆ రెండు రూపాయలు ఎవరిస్తారు?

అక్కా, మాది చిత్తూరు, గుజ్జు లైన్లోనే ఉన్నా. మన పక్క ఓనర్లను కలవడం మీకు చేతనైన పనే కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. కానీ ఇది చదివే కొత్తోళ్లకి ఒక మాట. జూన్, జూలైలో గుజ్జు ఫ్యాక్టరీకి అమ్మకానికి పోవద్దు. గేటు బయట కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, లోపల పగలూ రాత్రీ లైన్ నడుస్తుంటుంది, రేటు గురించి రైతులతో గొడవ ఒకపక్క. ఆ టైంలో "సార్, మా కంపెనీ గురించి రెండు నిమిషాలు" అంటే మొహం మీదే తలుపేస్తారు. జనవరి, ఫిబ్రవరిలో పోతే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, నిరుటి పెట్టెల్లో ఎన్ని చినిగినాయో కూడా వాళ్లే లెక్క చెప్తారు.

భాష సంగతి కూడా. మన దగ్గర ఒకే టేబుల్ మీద తెలుగు, తమిళం, అప్పుడప్పుడు కన్నడం నడుస్తుంది. వేలూరు నుంచి వచ్చినాయనతో రెండు ముక్కలు తమిళంలో మాట్లాడితే పని సగం అయినట్టే. అయితే వచ్చీరాని తమిళంలో రేటు మాట్లాడొద్దు. పలకరింపు తమిళంలో, అంకెలు కాగితం మీద.

చున్నీ_సేఫ్టీ_షూ | సోమవారం, రాత్రి 9:02

అక్కా, నేను ఎలక్ట్రానిక్స్ కంపెనీలో క్వాలిటీలో చేస్తాను, రేణిగుంట ఎయిర్‌పోర్ట్ పక్కనే. మా దగ్గరికి వచ్చే వెండర్లను చూస్తుంటా కాబట్టి చెప్తున్నా. మీరు ఓనరు. మీ ఆయన మీ పక్కన కూర్చుంటే ప్రశ్నలన్నీ ఆయన్నే అడుగుతారు, మీకు తెలిసినా సరే. ఎవరు ఏ విషయం మాట్లాడాలో కారులోనే అనుకోండి. టెక్నికల్ మీరైతే, ఎవరైనా ఆయన్ని అడిగినప్పుడు "అది మా మేడమ్ చూస్తారు" అని ఆయన మీవైపు తిరగాలి. ఒక్కసారి అంటే చాలు, తర్వాత వాళ్లే మీవైపు తిరుగుతారు.

బట్టలు: కోటు అక్కర్లేదు. ఇస్త్రీ చేసిన కాటన్ చుడీదార్ అయినా, చీర అయినా మీటింగ్ రూములో బాగానే ఉంటుంది. కానీ "రండి, లైన్ చూద్దాం" అంటే చీరకొంగు, వేలాడే చున్నీ, గాజులు మిషన్ల దగ్గర కుదరవు. చున్నీ పిన్ చేసుకుని, ముందు మూసి ఉండే చెప్పులు వేసుకుని పోండి.

సత్యవేడు_వైపు | సోమవారం, రాత్రి 10:48

డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చాను. శ్రీసిటీలో జపాన్ కంపెనీలో పర్చేజ్ వైపు పనిచేశాను. ఇసుజు, డైకిన్, కోబెల్కో లాంటివి అక్కడ ఉన్నాయని అందరికీ తెలుసు, వాటికి సరఫరా చేసే చిన్న కంపెనీలు కూడా జపాన్‌వే చాలా ఉన్నాయి. పద్ధతులు కొంచెం అటూ ఇటూగా అన్నిచోట్లా ఒకటే.

విజిటింగ్ కార్డుతో మొదలుపెడతా. వాళ్ల దృష్టిలో అది మనిషిలో భాగం. రెండు చేతులతో ఇవ్వాలి, అక్షరాలు వాళ్లకి నేరుగా చదవడానికి వీలుగా తిప్పి ఇవ్వాలి, ఇచ్చేటప్పుడు పేరు, కంపెనీ పేరు చెప్పాలి. వాళ్ల కార్డు కూడా రెండు చేతులతో తీసుకుని, నిలబడే ఒకసారి చదవండి. పేరు పలకడం రాకపోతే అడగండి, తప్పు కాదు, సంతోషిస్తారు. వాళ్లలో పెద్ద హోదా ఉన్నాయనతో ముందు మార్చుకోవాలి. కూర్చున్నాక ఆ కార్డులు మీ ముందు టేబుల్ మీద, వాళ్లు కూర్చున్న వరసలోనే పేర్చుకోండి. ఎవరి పేరేంటో మర్చిపోయే గొడవ ఉండదు. వాళ్ల ముందు దానిమీద పెన్నుతో రాయొద్దు. మగవాళ్లకి ప్రత్యేకంగా చెప్తున్నా, తీసుకుని వెనక జేబులో పెట్టుకుని దానిమీద కూర్చోవద్దు. ఇది నా కళ్లారా చూశాను. ఆ జపాన్ పెద్దాయన ఏమీ అనలేదు, కానీ మీటింగ్ అయిపోయేదాకా ఆయన చూపు ఆ జేబు మీదే ఉంది.

షేక్‌హ్యాండ్ వాళ్లు చెయ్యి చాపితే ఇవ్వండి. లేదంటే మన నమస్కారం, కాస్త తల వంచి. వాళ్లకి అదే దగ్గరగా ఉంటుంది.

టైం: 10:30 అంటే 10:20కి రిసెప్షన్‌లో ఉండాలి. అంతకంటే ముందు పోయి వాళ్లను ఇబ్బంది పెట్టొద్దు. అయితే గేటు దగ్గర సెక్యూరిటీ ఎంట్రీ, ల్యాప్‌టాప్ నంబరు రాయడం, ఫోన్ కెమెరా మీద స్టిక్కర్ వేయడం, ఇవన్నీ ఉంటాయి. ఆ టైం కలుపుకుని బయల్దేరండి. లేటయ్యేలా ఉంటే శ్రీకాళహస్తిలో ఉండగానే ఫోన్ చేయండి, గేటు దగ్గరికొచ్చి కాదు. ఐదు నిమిషాలు లేటని ముందే చెప్పినవాడికి మార్కులు తగ్గవు.

గదిలో మీ అంతట మీరు కుర్చీ ఎంచుకోకండి, చూపిస్తారు. తలుపుకి దూరంగా ఉన్న వైపు అతిథులను కూర్చోబెట్టడం వాళ్ల పద్ధతి, అక్కడ కూర్చోమంటే మొహమాటపడొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. వాళ్లు తల ఊపితే ఒప్పుకున్నట్టు కాదు, వింటున్నట్టు. తర్వాత నిశ్శబ్దం వస్తుంది. కాగితం చూసుకుంటూ ఏమీ మాట్లాడరు. మనవాళ్లు ఆ నిశ్శబ్దం తట్టుకోలేక అడక్కుండానే "సార్, రేటు ఇంకొంచెం తగ్గిస్తాం" అంటారు. నేను అవతల కూర్చుని చూసేవాణ్ని కదా, ఎన్ని రూపాయలు అట్లా ఊరికే వచ్చాయో మాకు. వాళ్లు ఆలోచిస్తున్నారు, అంతే. నీళ్లు తాగండి, ఊరుకోండి.

"అవుతుంది సార్, చేసేస్తాం సార్" అని అన్నింటికీ అనొద్దు. మీ మిషన్ మీద కానిది కాదనండి, తెలియనిది శనివారానికి కనుక్కుని చెప్తామనండి. శనివారం అంటే శనివారమే, సోమవారం పొద్దున కాదు. వాళ్లు మిమ్మల్ని చూసేది అక్కడే.

దర్శనం_ట్రావెల్స్ | సోమవారం, రాత్రి 11:20

పాత తిరుపతి అన్నతో నేను ఒప్పుకోను. దర్శనం మన ఊరి విజిటింగ్ కార్డు. చెన్నైవాళ్లకి బీచ్ ఉంది, బెంగళూరువాళ్లకి క్లబ్బులున్నాయి, మనకేముంది? నాకొచ్చిన కాంట్రాక్టుల్లో సగం ఎవరికో ఒకరికి లెటర్ ఇప్పించినందుకు వచ్చినవే. అడిగిన మనిషికి చేసిపెడితే జీవితాంతం గుర్తుంచుకుంటాడు.

పాత_తిరుపతోడు | మంగళవారం, ఉదయం 5:55

గుర్తుంచుకుంటాడు అబ్బయా, కాదన్లేదు. నీ పేరు ఎట్లా గుర్తుంచుకుంటాడనేది చూడు. ఫోన్‌లో నీ నంబరు "తిరుపతి దర్శనం" అని సేవ్ చేసుకుని ఉంటాడు. బండ్లు కావాల్సినప్పుడు ఇంకొకరికి, టికెట్ కావాల్సినప్పుడు నీకు. ఒకసారి ఇప్పిస్తే ఆయన తోడల్లుడు, తోడల్లుడి ఆఫీసరు, అందరూ వరస కడతారు. ఎవరికో ఒకరికి కాదనక తప్పదు, ఆ రోజున ఇంతకుముందు చేసిన పదీ పోతాయి.

నీ వ్యాపారం ట్రావెల్సు, నీకది కలిసొస్తుందేమో. ఈ అమ్మాయి అమ్మేది పెట్టెలు.

దర్శనం_ట్రావెల్స్ | మంగళవారం, ఉదయం 7:10

తోడల్లుడి ఆఫీసరు మాట నిజమే అన్నా 😀 నిన్ననే ఒకటి వచ్చింది. కానీ నా లెక్కలో ఇప్పటికీ లాభమే.

క్లాసు_నోట్స్ | మంగళవారం, ఉదయం 9:35

నేను ఎంబీఏ పిల్లలకి పాఠం చెప్తాను. ఈ పరిచయాల గురించి ఒక పాత అధ్యయనం ఉంది, ఇక్కడ పనికొస్తుంది. అమెరికాలో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజికశాస్త్రవేత్త, బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊళ్లో ఉద్యోగం మారినవాళ్లను అడిగి 1973లో ప్రచురించాడు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ చెప్పిన మనిషిని తరచూ కలిసేవాళ్లు 17 శాతం దాకానే. అప్పుడప్పుడు కలిసేవాళ్లు 56 శాతం దగ్గర, ఎప్పుడోగానీ కలవనివాళ్లు 28 శాతం దగ్గర. కారణం కూడా ఆయనే చెప్పాడు: దగ్గరివాళ్లకి తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది, కొత్త కబురు తెచ్చేది దూరపు పరిచయమే.

అది అక్కడి ఉద్యోగాల సంగతి, ఇక్కడి పెట్టెల ఆర్డర్లకి అచ్చు గుద్దినట్టు సరిపోతుందని అనను. కానీ మనవాళ్లు ప్రతి ఆదివారం అదే నలుగురు స్నేహితులతో కూర్చుని "బిజినెస్ లేదబ్బా" అనుకోవడం చూస్తే గుర్తొస్తుంది. మేడమ్, ఈ శ్రీసిటీ పరిచయం మీకు ఎట్లా వచ్చింది?

రేణిగుంట_పెట్టెలు | మంగళవారం, ఉదయం 10:02

సార్, మా పాపని స్కూల్లో దింపేటప్పుడు గేటు దగ్గర పలకరించుకునే ఇంకో అమ్మ ద్వారా. వాళ్ల తమ్ముడు ఆ కంపెనీ స్టోర్స్‌లో ఉన్నాడు. ఇంటిపేరు కూడా తెలియదు నాకు, "కావ్యా వాళ్లమ్మ" అనే సేవ్ చేసుకున్నా.

ఢిల్లీ ఆయనకి రాత్రే ఫోన్ చేశాం. పాత తిరుపతి అన్న చెప్పినట్టే మెసేజ్ కూడా పెట్టాం. "ఓకే" అని ఒక్క ముక్క వచ్చింది. కోపమొచ్చిందో ఏమో.

చిత్తూరు_ఆడిటర్ | మంగళవారం, ఉదయం 11:15

ముందు ఆ కావ్యా వాళ్లమ్మకి, ఆమె తమ్ముడికి మీటింగ్ అయిన రోజే ఫోన్ చేసి ఏమైందో చెప్పండి. మనవాళ్లు పరిచయం చేయించుకునేదాకా వెంటపడతారు, అయ్యాక మర్చిపోతారు. ఆర్డర్ రాకపోయినా చెప్పాలి. ఇంకో సంగతి, ఆ తమ్ముడు స్టోర్స్‌లో ఉన్నాడు కాబట్టి మీటింగ్‌లో "ఫలానా ఆయన మా వాళ్లే" అని పదేపదే అనకండి. లోపల అతని ఉద్యోగానికి ఇబ్బంది.

కార్డు మీద దేవుడి బొమ్మ, ఐదు ఫోన్ నంబర్లు ఉంటే కొత్తది వేయించండి. ఒక నంబరు, ఒక ఈమెయిల్, యూనిట్ చిరునామా, జీఎస్టీ నంబరు చాలు. వెనకవైపు ఏం తయారు చేస్తారో మూడు ముక్కల్లో. ఈమెయిల్ సొంత డొమైన్‌తో ఉంటే మంచిది. పెళ్లికి ముందు పెట్టుకున్న ముద్దుపేరు ఐడీలతో కొటేషన్లు పంపేవాళ్లను నేను రోజూ చూస్తుంటా.

ఉద్యమ్, అదే చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్, ఉందా? 2020 జూలై నుంచి ఉన్నదే, ఉచితం. తయారీలో ఉన్న సూక్ష్మ, చిన్న యూనిట్‌కి రాతకోతలు ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెప్తోంది. ఆలస్యమైతే చక్రవడ్డీ ఉంది. పైగా 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, ఆ గడువులో చెల్లించని మొత్తాన్ని సరుకు కొన్నవాళ్లు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి లేదు, అసలు చెల్లించిన ఏడాదిలోనే చూపించుకోవాలి. అందుకే పెద్ద కంపెనీలు ఇప్పుడు వాళ్లే ఉద్యమ్ సర్టిఫికెట్ అడుగుతున్నాయి.

కానీ మొదటి మీటింగ్‌లో ఈ సెక్షన్లు చదవకండి. కంపెనీ ప్రొఫైల్లో ఉద్యమ్ నంబరు కనపడితే వాళ్ల అకౌంట్స్ వాళ్లకి అర్థమవుతుంది. పేమెంట్ మాట కొటేషన్‌లో ఒక లైను, నోటితో ఒక ప్రశ్న: "మీ పేమెంట్ సైకిల్ ఎట్లా ఉంటుంది సార్?" ఆ ప్రశ్న అడగడానికి సిగ్గుపడి తర్వాత ఆరు నెలలు ఫోన్లు చేసేవాళ్లే నా క్లయింట్లలో ఎక్కువ.

వాట్సాప్_తమ్ముడు | మంగళవారం, మధ్యాహ్నం 1:20

అన్నలూ అక్కలూ, నేను ఇంటీరియర్స్ చేస్తాను, కొత్తగా మొదలుపెట్టా. కలిసినవాళ్లందరికీ రోజూ పొద్దున స్వామి ఫోటోతో గుడ్ మార్నింగ్ పెడుతున్నా, టచ్‌లో ఉండాలని. ఇద్దరు బ్లాక్ చేశారు. దేవుడి ఫోటోకి బ్లాక్ చేస్తారా ఎవరైనా?

తోతాపురి | మంగళవారం, మధ్యాహ్నం 1:44

దేవుణ్ని కాదు తమ్ముడూ, నిన్ను. నాకు ఒక్కో పొద్దున నలభై స్వాములు వస్తారు, ఏ స్వామిని ఎవరు పంపారో ఎవరికి గుర్తుంటుంది? నువ్వు చేసిన పని ఫోటో ఒకటి రెండు నెలలకోసారి పెట్టు. "సార్, మీరు అడిగిన టీవీ యూనిట్ లాంటిది కొర్లగుంటలో చేశాం" అని. ఆ మెసేజ్‌కి జవాబొస్తుంది.

వాయిస్ నోట్లు కూడా మానెయ్. మీటింగ్‌లో కూర్చున్నాయన నీ మూడు నిమిషాల గొంతు చెవి దగ్గర పెట్టుకుని వినలేడు.

టెంట్‌హౌస్_మామ | మంగళవారం, సాయంత్రం 4:30

పెళ్లిళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదే! మన ఊళ్లో అసలు నెట్‌వర్కింగ్ అక్కడే. శ్రీనివాస మంగాపురం దగ్గర మండపాల్లో ముహూర్తాల రోజున నిలబడితే చిత్తూరు, నెల్లూరు, చెన్నై అందరూ దొరుకుతారు. కానీ కొంతమంది కుర్రాళ్లు భోజనాల బంతిలో కూర్చున్నాయనకి కార్డు ఇస్తారు! చేతికి పప్పు, ఎడమచేత్తో తీసుకోవాలా వద్దా అని ఆయన తికమక, ఇంతలో ఎవరో సాంబారు పోస్తారు, కార్డు ఆకు కిందికి పోతుంది. భోంచేసి చేతులు కడుక్కుని తాంబూలం దగ్గరికొచ్చినప్పుడు మాట్లాడండి. అక్కడ మనిషి తీరికగా ఉంటాడు. కార్డు కూడా వద్దు, నంబరు తీసుకుని రెండు రోజులాగి ఫోన్ చేయండి.

మీదేవూరు, ఎవరి తాలూకు అని అడుగుతారు మనవాళ్లు, అది మామూలే. ఊరి పేరు, వాళ్లకి తెలిసిన మనిషి పేరు ఒకటి చెప్పి పనిలోకి దిగిపోండి. కులం దాకా లాగితే నవ్వి మాట మార్చేయడమే. బయటి పార్టీలను మాత్రం మనం ఆ ప్రశ్న అడగకూడదు, వాళ్లకి ఎట్లా తగుల్తుందో మనకి తెలియదు.

రేణిగుంట_పెట్టెలు | బుధవారం, ఉదయం 8:50

ఇంకో సందేహం. జపాన్ ఆయనకి స్వామివారి లడ్డు ఇవ్వొచ్చా? మా అత్తగారు మొన్నే కొండకి పోయొచ్చారు, ఇంట్లో ఉన్నాయి. ఒట్టి చేతులతో పోవద్దంటున్నారు ఆమె.

చున్నీ_సేఫ్టీ_షూ | బుధవారం, ఉదయం 9:05

నేనైతే వద్దంటా. వాళ్లది ఏ మతమో, ప్రసాదం తీసుకుంటారో లేదో తెలియదు. కాదనలేక తీసుకుని ఏం చేయాలో తెలియక డ్రాయర్లో పెట్టుకుంటారు. ఆ డ్రాయర్లో చీమలు.

సత్యవేడు_వైపు | బుధవారం, ఉదయం 9:40

పూర్తిగా వద్దనను, పద్ధతి ఉంది. చాలా కంపెనీల్లో వెండర్ల దగ్గర గిఫ్టులు తీసుకోకూడదని రూలు ఉంటుంది. కాబట్టి ఒక్కరి చేతిలో పెట్టొద్దు. పర్చేజ్‌లో ఉన్న మన తెలుగువాళ్లను ముందే ఫోన్‌లో అడగండి, "ఆఫీసులో అందరికీ తలా కొంచెం ప్రసాదం తేవచ్చా" అని. సరే అంటే ఇవ్వండి, నసిగితే వదిలేయండి. 175 గ్రాముల మామూలు లడ్డు చాలు, వెండి పళ్లెం, శాలువా జోలికి పోకండి. అడిగితే ఇది 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిన లడ్డు అని, నెయ్యి, జీడిపప్పు ఉంటాయని చెప్పండి. జీడిపప్పు పడనివాళ్లు ఉంటారు, అందుకు చెప్తున్నా. మా దగ్గర ఒక జపాన్ మేనేజర్ లడ్డు కోసం పర్చేజ్ టీమ్‌ని గుర్తుచేసి మరీ అడిగేవాడు, అది వేరే సంగతి.

వాళ్లెవరైనా తిరుమల చూస్తామంటే మీరు ముందే చెప్పాల్సినవి ఉన్నాయి: హిందువులు కానివాళ్లు దర్శనానికి స్వామి మీద నమ్మకం ఉందనే డిక్లరేషన్ మీద సంతకం పెట్టాలి, సంప్రదాయ దుస్తులుండాలి, కొండమీద మద్యం, మాంసం, సిగరెట్ నిషేధం, ప్లాస్టిక్ నీళ్ల సీసాలూ కుదరవు. అలిపిరి తనిఖీ దగ్గర బ్యాగులోంచి సిగరెట్ ప్యాకెట్ బయటికి తీయించడం అతిథికి బాగుండదు.

పాత_తిరుపతోడు | బుధవారం, ఉదయం 10:15

లడ్డు ఇస్తే మీ అత్తగారి మాట కూడా నెగ్గినట్టే, ఇంట్లో ప్రశాంతత. కుడిచేత్తో ఇవ్వు, లేదా రెండు చేతులతో. శాంపిల్ పెట్టెలో పెట్టి తీసుకుపోవద్దు, నెయ్యి మరక పడితే వాళ్లు మొదట చూసేది అదే.

రేణిగుంట_పెట్టెలు | గురువారం, రాత్రి 8:20

పోయొచ్చాం. వివరాలు రాస్తున్నా.

10:15కల్లా రిసెప్షన్‌లో ఉన్నాం. కార్డులు సత్యవేడు అన్న చెప్పినట్టే. నేను ఆ జపాన్ సార్ పేరు చదివి, సరిగ్గా పలికానా అని అడిగితే ఆయన రెండుసార్లు పలికి చూపించారు, నేను రెండుసార్లూ తప్పే పలికా, అందరూ నవ్వారు. తర్వాత భయం పోయింది.

నిశ్శబ్దం నిజంగానే వచ్చింది. మా ఆయన నోరు తెరవబోతే టేబుల్ కింద కాలు తొక్కా. కాసేపటికి ఆయనే అడిగారు, వానాకాలంలో పేపర్లో తేమ ఎంత ఉంటుంది, ఎట్లా కొలుస్తారు అని. రేటు మాటే ఎత్తలేదు. తేమ కొలిచే మీటరు మా దగ్గరుంది, రిజిస్టర్ కూడా ఉంది, కానీ రోజూ రాయడం లేదని ఉన్నదున్నట్టే చెప్పా. ఆయన ఏదో రాసుకున్నారు. రెండు సైజుల్లో శాంపిళ్లు, కంప్రెషన్ టెస్ట్ (పెట్టె ఎంత బరువుకి చితుకుతుందో చూసే పరీక్ష) రిపోర్టుతో పదిరోజుల్లో అడిగారు. అవి నచ్చితే మా యూనిట్ చూడ్డానికి వస్తారట. ఇవే పాయింట్లు ఈ సాయంత్రం మెయిల్ పెట్టేశా. కావ్యా వాళ్లమ్మకి కూడా ఫోన్ చేశా.

లడ్డు ఇవ్వలేదు. అడిగితే నసిగారు.

ఢిల్లీ ఆయన శ్రీవాణి టికెట్లు తనే చూసుకున్నాడు, శనివారం ఫ్యాక్టరీకి వస్తున్నాడు. "ముందే చెప్పారు, మంచిదైంది" అన్నాడు. ఆయన భార్య నన్ను కలవాలన్నారట, మా ఆయన చెప్తున్నాడు. శ్రీకాళహస్తి కలంకారీ చీరలు ఎక్కడ కొనాలో అడగడానికట.

రేటే_రాజు | గురువారం, రాత్రి 8:41

రేటు అడగనే లేదా? అయితే శాంపిళ్లయ్యాక అడుగుతారు, చూస్తుండండి. గట్టిగానే బిగిస్తారు.

సత్యవేడు_వైపు | గురువారం, రాత్రి 10:55

బిగిస్తారు, అది నిజం. పేపర్ ఎంత, గమ్ము ఎంత, కరెంటు, కూలీ, రవాణా విడివిడిగా అడుగుతారు. ఆ లెక్క ఇప్పుడే కాగితం మీద పెట్టుకోండి, తర్వాత అంకెలు మార్చొద్దు.

యూనిట్ చూడ్డానికొస్తే మీ మిషన్ కంటే ముందు నేల చూస్తారు. అట్టముక్కలు, గమ్ము మరకలు, వైర్లు. టాయిలెట్ కూడా చూస్తారు, నవ్వొద్దు. వచ్చే ముందు రోజు సున్నం వేయించడం కాదు, ఆ తేమ రిజిస్టర్ రేపటి నుంచి రోజూ రాయండి. వెనకటి తేదీలతో ఒకేసారి నింపొద్దు, ఒకే పెన్ను, ఒకే చేతిరాత చూడగానే తెలిసిపోతుంది.

రేణిగుంట_పెట్టెలు | శుక్రవారం, ఉదయం 7:30

ఈరోజు పొద్దున రీడింగ్ రాశాను అన్నా. కంప్రెషన్ టెస్ట్ తిరుపతిలోనే చేసేవాళ్లెవరైనా ఉన్నారా, చెన్నై పంపాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

తోతాపురి | శుక్రవారం, ఉదయం 7:52

అక్కా, మేం చెన్నైకే పంపుతాం. శాంపిళ్లు తడవకుండా ప్లాస్టిక్ చుట్టి పంపు. సోమవారం మా బండి పోతోంది, ఆదివారం సాయంత్రానికి రేణిగుంటలో ఆపమంటా, డ్రైవర్ నంబరు పర్సనల్ మెసేజ్‌లో పెడతా.